బందియా, అతిథియా? — హైదరాబాదు జంతుప్రదర్శనశాల చరిత్ర

విషయప్రవేశము

భివండి మరమగ్గముల పట్టణము. ఇచ్చట పద్మనగరమునందును, దాని పరిసరములందును నివసించు తెలుగువారిలో పెక్కుమంది కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, మెదకు ప్రాంతములనుండి నేతపనికై తరలివచ్చిన కుటుంబములవారు. వేసవి సెలవులలో స్వగ్రామమునకు పోవునప్పుడు త్రోవలో హైదరాబాదున ఒకదినమాగి, పిల్లలకు చార్మినారును, సాలార్‌జంగు వస్తుప్రదర్శనశాలను, బహదూర్‌పురాలోని నెహ్రూ జంతుప్రదర్శనశాలను చూపుట మనలో చాలమందికి వాడుక. సెలవులు లేని కాలమున ఆదివారమునాడు బొంబాయికి పోయి బైకుల్లాలోని రాణీబాగును చూచివచ్చువారును కలరు. ఈ విధముగా రెండు జంతుశాలలు మన పిల్లల బాల్యములో భాగములైనవి.

అయినను జంతుశాలను మనము వినోదస్థానముగనే ఎరుగుదుము. దానికొక చరిత్ర కలదనియు, ఆ చరిత్రలో రాజుల వైభవము, అడవుల క్షయము, శాస్త్రజ్ఞుల కృషి, ప్రభుత్వముల గుణదోషములు పెనవేసికొని యున్నవనియు తలచువారు తక్కువ. తెలుగునాట అట్టి సంస్థలలో ప్రసిద్ధమైన హైదరాబాదు జంతుశాల పూర్వోత్తరములను పరిశీలించి, అందు స్వదేశీయ మృగములకును విదేశీయ మృగములకును గల స్థానమేమో నిరూపించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము. కటకటాల వెనుక నున్న ప్రాణి మనకు బందియా, అతిథియా యను ప్రశ్నయే దీనికి సూత్రము.

కౌటిల్యుని రెండు మృగవనములు

జంతువులను ఒకచోట చేర్చి పోషించుట మన దేశమున నూతనాచారము కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము రెండవ అధికరణమున మృగవనముల ప్రసక్తి కలదు. రాజు విహారమునకై యేర్పరుపవలసిన వనమునకు ఒకటే ద్వారము, చుట్టును కందకము, లోపల తీయని పండ్లనిచ్చు చెట్లు, లోతులేని జలాశయము, మచ్చికచేయబడిన మృగములు, గోళ్లును కోరలును తీసివేయబడిన క్రూరజంతువులు. రాజునకు వినోదము కలుగవలెను, ప్రమాదము మాత్రము కలుగరాదు. ఆ వనమును నిర్మించుటలోని యాలోచన యిదియే.

ఆ వెంటనే కౌటిల్యుడు మరియొక మృగవనమును చెప్పినాడు. అది దేశపు పొలిమేరలయందుండవలెననియు, అందు సమస్త మృగములును అతిథులవలె నుండవలెననియు దాని లక్షణము. రెండు వేల యేండ్లకు పూర్వపు గ్రంథమున ఈ రెండు వనములును ప్రక్కప్రక్కనే పేర్కొనబడుట గమనింపదగియున్నది. మొదటి వనములో మృగము రాజుకొరకున్నది; రెండవదానిలో మృగము తనకొరకు తానున్నది. తరువాతి కాలపు జంతుశాలల చరిత్రయంతయు ఈ రెండు తలంపుల నడుమ నడచిన నడకయే యని నా యభిప్రాయము.

అశోకచక్రవర్తి తన యైదవ స్తంభశాసనమున, పట్టాభిషేకమైన యిరువదియారేండ్లకు, చంపరాని ప్రాణుల పట్టికను ప్రకటించెను. అందు చిలుకలు, గోరువంకలు, గబ్బిలములు, తాబేళ్లు, ముండ్లపందులు చేరియున్నవి. రాజునకు గొప్పనుగాని లాభమునుగాని తెచ్చిపెట్టని యల్పప్రాణులకును రక్షణ కల్పించిన శాసనమిది. ఇది రెండవ వనపు మార్గము.

మొగలుల కాలమున తిరిగి మొదటి మార్గమే ప్రబలినది. జహంగీరు చక్రవర్తికి విదేశములనుండి వింతమృగములను కానుకలుగా తెచ్చుచుండిరి. 1621లో ఆయన కొలువునకు ఒక చారలగుర్రము వచ్చినది. చారలు ఎవరైన రంగుపూసి దిద్దినవేమోయని సందేహించి పరీక్షించినట్లు ఆయన తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను. ఉస్తాద్ మన్సూరు దానిని చిత్రించెను. దూరదేశపు మృగమెంత వింతయైనదో దానిని సంపాదించిన ప్రభువు అంత ఘనుడను భావము ఆనాటినుండియు బలపడుచు వచ్చినది.

మదరాసు, బొంబాయి

ఐరోపాలో వియన్నా నగరపు షోన్‌బ్రున్ రాజోద్యానమున 1752లో స్థాపింపబడిన జంతుశాల నేటికిని కలదు. ఫ్రెంచి విప్లవానంతరము పారిసులో రాజుల మృగములు ప్రజల యధీనమునకు వచ్చినవి. 1828లో లండనునందు శాస్త్రసంఘము తన సభ్యులకై జంతుశాలను తెరచెను. సామాన్యప్రజలకు అందు ప్రవేశము 1847లో లభించినది. ఈ విధముగా రాజుల యుద్యానము ప్రజల పాఠశాలగా మారుటకు నూరేండ్లు పట్టినది.

మన దేశమున ఇంగ్లీషువారి పాలనలో ప్రజలకొరకై తెరువబడిన తొలి జంతుశాల మదరాసుది. అచ్చటి ప్రభుత్వ వస్తుశాలకు అధికారియైన ఎడ్వర్డు బాల్ఫరు అను వైద్యుడు 1855లో దానిని ఆరంభించెను. కర్ణాటక నవాబు తన మృగములను దానికొసగెను. ఒక్క యేడాదిలో అచ్చట మున్నూరుకు పైగా ప్రాణులు చేరెను. నాటి మదరాసు రాజధానిలో కోస్తా, రాయలసీమ జిల్లాలు చేరియుండుటచే ఆ ప్రాంతముల తెలుగువారు మొదట చూచిన జంతుశాల యదియే యని చెప్పవచ్చును.

బొంబాయిలో పశ్చిమభారత వ్యవసాయోద్యాన సంఘమువారు మజగావ్ ప్రాంతమున నెలకొల్పిన విక్టోరియా తోటను 1862 నవంబరు 19వ తేదీన గవర్నరు భార్యయగు లేడీ ఫ్రియరు ప్రారంభించెను. 1873లో అది నగరపాలికకు సంక్రమించినది. 1890లో పదునైదు యెకరములు కలిపి అందు జంతుశాలను విస్తరించిరి. నేడు దాని పేరు వీరమాతా జీజాబాయి భోంస్లే ఉద్యానము. జనుల నోట మాత్రము రాణీబాగే. దానికి సమీపముననే కామాఠీపుర మున్నది. నైజాము రాజ్యమునుండి వచ్చి బొంబాయి నగరనిర్మాణములో రాళ్లు మోసి, గోడలు కట్టిన మన తెలుగు కామాఠీల పేరనే ఆ వాడ వెలసినది. రాణీబాగునకు మనకును గల పరిచయము ఈనాటిది కాదనుటకు ఇది చాలును.

బాగే ఆం

హైదరాబాదున నైజాము ప్రభువుల కాలమున నాంపల్లి ప్రాంతపు బాగే ఆం అను తోటలో జంతుశాల యుండెను. బాగే ఆం అనగా సర్వజనుల తోట. శాసనసభాభవనము, పురావస్తుశాల, జూబిలీ హాలు మున్నగు కట్టడములు ఆ తోటనానుకొనియే యున్నవి. వానిని చూచిన నేటివారికి ఒకప్పుడు అచ్చట మృగముల యరుపులు వినవచ్చుచుండెనని తోచదు.

బాగే ఆంనుండి క్రొత్త జంతుశాలకు తరలింపబడిన ప్రాణులలో రెండింటి చరిత్ర విశేషముగా చెప్పదగినది. మొదటిది రాణి యను ఏనుగు. ఇది 1938 అక్టోబరులో పుట్టినది. 1963 అక్టోబరులో క్రొత్త చోటికి వచ్చినది. హైదరాబాదు పాతబస్తీలో మొహర్రము ఊరేగింపులందును, బోనాల ఊరేగింపులందును ఈ యేనుగు పాల్గొన్నది. హిందువుల పండుగకును, ముసల్మానుల సంతాపదినమునకును ఒకే మృగము సేవచేయుట ఆ నగర సంప్రదాయమునకు చక్కని నిదర్శనము. ఎనుబది రెండేండ్లు దాటి బ్రదికి, 2021 జూనులో రాణి కన్నుమూసెను.

రెండవది గలాపగోసు ద్వీపముల మహాకూర్మము. దాని జన్మభూమి పసిఫిక్ మహాసముద్రములో ఈక్వెడారు దేశమునకు చెందిన ద్వీపసముదాయము. 1835లో చార్లెసు డార్విను దర్శించిన ద్వీపములివియే. అట్టి కూర్మము హైదరాబాదున బాగే ఆంలో నివసించి, 1963లో క్రొత్త జంతుశాలకు చేరి, 2024 మార్చిలో మరణించెను. అప్పటికి దాని వయస్సు సుమారు 125 ఏండ్లని జంతుశాలవారు తెలిపిరి. అనగా అది పుట్టినప్పుడు ఇచ్చట ఆరవ నైజాము మహబూబ్ అలీఖాను పాలించుచుండెను. 1948లో సంస్థానము భారతదేశమున విలీనమగుట, 1956లో ఆంధ్రప్రదేశావతరణము, 2014లో తెలంగాణ రాష్ట్రస్థాపన – ఇవియన్నియు దాని జీవితకాలములోనే జరిగినవి. జనులు దానిని చూచి వింతపడిరి. పిల్లలు పెద్దలై తమ పిల్లలను తెచ్చి చూపిరి. దాని పోషణలో లోపము జరిగినదని యెవ్వరు ననజాలరు; నూటయిరువదియైదేండ్లు బ్రదుకుటయే అందుకు సాక్ష్యము. కాని స్వజాతి కడలితీరమునుండి వేలకొలది మైళ్ల దూరమున గడచిన ఆ దీర్ఘాయువు అతిథిదియా, బందిదియా యను ప్రశ్నకు మాత్రము సులభమైన సమాధానము లేదు.

మీరాలం చెరువు ఒడ్డున

ఆంధ్రప్రదేశమునకు హైదరాబాదు రాజధానియైన మూడేండ్లకు, 1959 అక్టోబరు 26వ తేదీన క్రొత్త జంతుశాల స్థాపింపబడెను. నాలుగేండ్ల నిర్మాణము పిదప 1963 అక్టోబరు 6వ తేదీన అది ప్రజలకు తెరువబడినది. భారతదేశ ప్రథమ ప్రధానియగు జవహర్లాలు నెహ్రూ పేర వెలసిన ఈ సంస్థ విస్తీర్ణము సుమారు 380 ఎకరములు.

దీనికెన్నుకొన్న స్థలము మీరాలం చెరువు ప్రక్కది. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున మూడవ నైజాముకడ దివానుగానుండిన మీర్ ఆలం పేర ఆ చెరువు ప్రసిద్ధము. దాని కట్ట ఇరువదియొక్క విల్లువంపుల రాతి కమానులతో నిర్మింపబడి, నీటి యొత్తిడిని కమానునుండి కమానునకు పంచుకొని నిలుచుచున్నది. ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరులు కట్టబడుటకు పూర్వము నగరమునకు త్రాగునీరొసగినదిదియే. జంతువులకు నీడయు నీరును, వలసపక్షులకు విడిదియు ఒకేచోట లభించుట జంతుశాలకు మేలైనది.

అప్పటి నిర్మాణములోని ముఖ్యవిశేషము కందకము. 1907లో జర్మనీ దేశమున హాంబర్గు నగరమునకు సమీపమున కార్ల్ హాగెన్‌బెక్ అను జంతువర్తకుడు, ఇనుప కడ్డీలకు బదులు మృగమునకును ప్రేక్షకునకును నడుమ వెడల్పైన కందకము త్రవ్వించి, మృగము ఆరుబయట తిరుగుచున్నట్లు కానవచ్చు క్రొత్త జంతుశాలను తెరచెను. ఆ పద్ధతి ప్రపంచమంతట వ్యాపించినది. హైదరాబాదు జంతుశాలలోను సింహము, పులి మొదలగువానికి ఇట్టి కందకముల యావరణములే యేర్పడినవి. కౌటిల్యుని విహారవనమున కందకము వనమంతటికిని వెలుపలి కాపు. ఇచ్చట కందకము ఒక్కొక్క మృగమునకు కొంత స్వేచ్ఛనొసగు సాధనము. ఒకే త్రవ్వకము రెండుకాలములలో రెండు ప్రయోజనములకు వచ్చినది.

1974లో ఇచ్చట సింహవిహారము ఏర్పరుపబడినది. అందు సింహములు విశాలస్థలమున తిరుగుచుండును. మనుష్యులే కిటికీలు మూసిన బండిలో బంధింపబడి పోవుదురు. బందీయెవరో చూపరియెవరో తారుమారైన ఈ యేర్పాటు పిల్లలకు పరిహాసముగ తోచినను ఆలోచింపదగినది. రాత్రి సంచరించు మృగములకు ప్రత్యేకగృహము కలదు. అందు పగలు మసకవెలుతురును, రాత్రి దీపకాంతియు నుంచి, మృగములకు రేయింబవళ్లు తారుమారుచేయుదురు. అందువలన దేవాంగపిల్లి, పునుగుపిల్లి, గుడ్లగూబ మొదలగునవి సందర్శకులు వచ్చు వేళకే మేలుకొని సంచరించును.

హైదరాబాదునకు తరువాత తెలుగునాట మరికొన్ని జంతుశాలలు వెలసినవి. 1977లో విశాఖపట్టణమున కంబాలకొండ ప్రక్కను ఇందిరాగాంధీ జంతుశాలయు, 1985లో హనుమకొండ హంటరు రోడ్డులో వనవిజ్ఞాన కేంద్రమను పేర కాకతీయ జంతుశాలయు, 1987లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర జంతుశాలయు నెలకొన్నవి. మనలో వరంగల్లు ప్రాంతమువారికి హంటరు రోడ్డుది సుపరిచితమే.

కళంకములు, చట్టములు

చరిత్రకారుడు మెచ్చదగినదానిని మాత్రమే చెప్పి, మెచ్చరానిదానిని దాచరాదు. 2000 అక్టోబరులో నెహ్రూ జంతుశాలలో సఖి యను ఆడపులి తన యావరణములోనే చంపబడి, చర్మమొలువబడినది. అడవిలో వేటగానికి చిక్కిన పులికథలు మనకు క్రొత్తవికావు. రక్షింతుమని తెచ్చి తలుపు బిగించినచోటనే పులి చచ్చుట దేశమంతటను కలవరము పుట్టించెను. మృగమును బంధించినవాడు దాని ప్రాణమునకు పూర్తిగ బాధ్యుడగునను ధర్మమును ఈ యుదంతము చాటుచున్నది. అడవిలోని పులికి పారిపోవు దారియైన నుండును. పంజరములోని పులికి మనమే దిక్కు.

ఈ బాధ్యతను చట్టముగా చేయు ప్రయత్నము అంతకుముందే ఆరంభమైనది. 1972లో వన్యప్రాణి సంరక్షణచట్టము వచ్చెను. 1991లో దానిని సవరించి జంతుశాలలను గూర్చిన యధ్యాయమును చేర్చిరి. 1992లో కేంద్ర జంతుశాలా ప్రాధికార సంస్థ యేర్పడినది. అప్పటినుండి ఆ సంస్థ గుర్తింపులేనిదే దేశమున జంతుశాల నడుపరాదు. ఏ మృగమునకెంత చోటుండవలెను, పశువైద్యుడుండవలెనా, ఇతర శాలలతో మృగములనెట్లు మార్చుకొనవలెను మున్నగు విషయములు నియమబద్ధములైనవి. 1998నాటి జాతీయ జంతుశాలా విధానము, అంతరించిపోవుచున్న జాతుల రక్షణకు తోడ్పడుటయే జంతుశాలల ముఖ్యోద్దేశమని నిర్దేశించెను. వినోదము పోలేదు, అది రెండవ స్థానమునకు దిగినది.

స్వదేశీయము, విదేశీయము అను భేదము ఎంత చంచలమో చెప్పుటకు చీతా కథయొకటి చాలును. చీతా యను పేరే 'చిత్రక' యను సంస్కృతశబ్దమునుండి పుట్టినది. ఒకనాడు ఈ మృగము మన దేశపు పచ్చిక బయళ్లలో తిరుగుచుండెను. రాజులు దానిని మచ్చికచేసి జింకల వేటకు వాడిరి. అది అరుదుకాగా కొల్హాపురము, భావనగరము సంస్థానములవారు ఇరువదవ శతాబ్దిలో ఆఫ్రికానుండి చీతాలను తెప్పించుకొనిరి. 1947లో కొరియా సంస్థానమున మూడు చీతాలు వేటకు బలియయ్యెను. 1952లో ఆ జాతి మన దేశమున నశించినదని ప్రభుత్వము ప్రకటించెను. తరువాత, 2012లో హైదరాబాదున జీవవైవిధ్య మహాసభ జరిగిన సందర్భమున, సౌదీ రాజకుమారుడొకడు నెహ్రూ జంతుశాలకు చీతాలజంటను బహూకరింతునని ప్రకటించెను. అవి వచ్చినవి, ఆడది 2020లోను, మగది 2023 మార్చిలోను మరణించినవి. మన పేరుతో లోకమంతట పిలువబడు మృగము, మన జంతుశాలలో విదేశపు కానుకగా జీవించి పోయెను. స్వదేశీయమును కాపాడుకొనలేనివాడు చివరకు దానినే విదేశీయముగా తెచ్చుకొనవలసివచ్చును.

కురుపంది కథ

ఇక ఈ చరిత్రలో నాకత్యంత ముఖ్యముగ తోచిన ఘట్టమునకు వత్తును. దీనికి నాయిక సింహము కాదు, పులి కాదు. కుందేటికంటె కొంచెము పెద్దదైన ఒక చిన్న మృగము. దీనిని నేడు వార్తాపత్రికలు మూషికజింక యని వ్రాయుచున్నవి. నెల్లూరున వైద్యాధికారిగా పనిచేసి, యానాదులవలన పక్షిమృగముల వృత్తాంతమునెన్నియో తెలిసికొన్న జెర్డను దొర 1867లో భారతదేశపు క్షీరదములను గూర్చిన గ్రంథమును వెలువరించెను. అందాయన ప్రతి మృగమునకు దేశభాషలలోని పేర్లను సేకరించి చేర్చినాడు. ఈ మృగమునకు తెలుగుపేరు కురుపంది యని వ్రాసినాడు. మరాఠీలో దీనిని పిసోరీ యందురు.

దీనికి కొమ్ములు లేవు. మగదానికి పైదవుడనుండి చిన్న కోరలు వెలుపలికి వచ్చియుండును. బరువు రెండునుండి నాలుగు కిలోలు. గోధుమరంగు మేనిపై తెల్లని చుక్కలును గీతలునుండుటచే, ఆకులనడుమ ఎండమచ్చలలో కదలక నిలిచినచో కంటికానదు. రాత్రి తిరుగును, పగలు పొదలలోను, చెట్టుతొర్రలలోను దాగును. మాంసముకొరకు ఉచ్చులు పన్నుటవలనను, అడవులు క్షీణించుటవలనను ఇది తెలుగు అడవులలో అరుదైపోయెను. పులికై కన్నీరు కార్చువారు పెక్కుమంది. ఈ యల్పప్రాణికై విచారించువారెవరు?

విచారించినవారు హైదరాబాదులోనే యుండిరి. కణజీవశాస్త్ర పరిశోధనకేంద్రమునకు చెందిన శాస్త్రజ్ఞుడు లాల్జీసింగు ప్రేరణతో అంతరించుచున్న జాతుల సంరక్షణకొక ప్రయోగశాల వెలసినది. అందు 2006లో కృత్రిమగర్భధారణచే చుక్కలదుప్పి పిల్లయు, 2007లో కృష్ణజింక పిల్లయు పుట్టినవి. 2010లో ఆ ప్రయోగశాలయు, అటవీశాఖయు, కేంద్ర జంతుశాలా ప్రాధికార సంస్థయు కలిసి నెహ్రూ జంతుశాలలో కురుపందుల సంతానోత్పత్తి కేంద్రము నారంభించిరి. కొలదిపాటి మృగములతో మొదలైన ఆ మంద కొన్నియేండ్లలోనే వందలకు పెరిగినది. ఈ కేంద్రము సందర్శకుల వేడుకకై కట్టబడినది కాదు. మనుష్యుల సందడికి అలవాటుపడిన మృగము అడవిలో బ్రదుకజాలదు. కావున వానిని అడవికి పంపుటకు ముందు క్రమక్రమముగ పెద్ద యావరణములలో నుంచి, తామే మేతవెదకుకొనునట్లును, పొంచియుండు శత్రువును గుర్తించునట్లును అలవాటుచేయవలెను. ఇట్లు సిద్ధముచేసిన కురుపందులను 2017లో నల్లమల అడవులలోని అమ్రాబాదు పులుల సంరక్షణప్రాంతమున విడిచిరి. చెంచులు తరతరములుగా నివసించు అడవి యది.

మృగమును అడవినుండి పట్టితెచ్చుట జంతుశాలల పూర్వవృత్తి. పుట్టించి, పెంచి, అడవికే తిరిగి యప్పగించుట దీనికి విపర్యయము. ఇచ్చట మృగము నిజముగ అతిథియైనది. అతిథి యెవడు? కొన్నాళ్లుండి తన యింటికి తాను పోగలవాడే కదా అతిథి. పోవుటకు త్రోవలేనివానిని ఎంత ఆదరించినను బందియనియే అనవలెను. గలాపగోసు కూర్మమునకును నల్లమల కురుపందికిని గల వ్యత్యాసమిదియే. ఇదే జంతుశాలలో రాబందులకును సంరక్షణకేంద్రమేర్పడినది. పశువులకిచ్చు డైక్లోఫినాకు అను మందు, చచ్చిన పశుమాంసముద్వారా రాబందుల కడుపుచేరి వానిని లక్షలకొలది చంపినది. ప్రభుత్వము 2006లో ఆ మందును పశువైద్యమున నిషేధించెను. రాబందువంటి పక్షికి జంతుశాలలో స్థానము లభించుట, అందమే ప్రమాణమను పాతమతము సడలినదనుటకు గుర్తు.

2021 మే మాసమున మరియొక సంగతి లోకమునకు తెలిసినది. నెహ్రూ జంతుశాలలోని యెనిమిది ఆసియా సింహములకు కోవిడు సోకినట్లు హైదరాబాదు శాస్త్రజ్ఞులు నిర్ధారించిరి. దేశమున మృగములకాజాడ్యము సోకినట్లు బయటపడుట అదియే తొలిసారి. అవి కోలుకొన్నవి. మన ఊపిరియు వాని ఊపిరియు వేరుకాదని ఆ సంఘటన నిరూపించెను.

రాణీబాగు పెంగ్విన్లు

పోలికకై మనకు దగ్గరనున్న రాణీబాగును చూతము. 2016 జూలైలో దక్షిణకొరియా రాజధాని సియోలునుండి ఎనిమిది హంబోల్టు పెంగ్విన్లు అచ్చటికి తేబడినవి. వాని స్వస్థానము పెరూ, చిలీ దేశముల సముద్రతీరము. బొంబాయి ఉక్కలో అవి బ్రదుకవలెనన్నచో యంత్రములతో రేయింబవళ్లు చల్లదనము కల్పింపవలసియున్నది. అదే యేట అక్టోబరులో ఒకటి మరణించెను. 2017 మార్చిలో ప్రజలకు దర్శనము లభించినది. 2018 ఆగస్టు 15వ తేదీన పొదిగిన పిల్ల సుమారు వారమునకే చనిపోయెను. తరువాతి యేండ్లలో పుట్టిన పిల్లలు బ్రదికి, మంద పెరిగినది.

పెంగ్విన్లను చూచుటకు జనము విరగబడిరి. మన భివండి పిల్లలును పోయి చూచి సంతోషించిరి. ఆ సంతోషమును తక్కువచేయుట నా యుద్దేశము కాదు. ఎన్నడును సముద్రము దాటజాలని నేతకార్మికుని బిడ్డ దక్షిణామెరికా పక్షిని కన్నులార చూచుట విద్యలో భాగమే. అయితే ఆ జనములో ఎందరు పిసోరీ యను పేరు వినియుందురు? అది సహ్యాద్రి అడవులలోనే యున్నది. వింతను చూచుటకు పరుగెత్తు కన్ను ఇంటిలోనిదానిని గుర్తింపకపోవుట జంతుశాలల పుట్టుకతో వచ్చిన వ్యాధి. జహంగీరు కాలమున చారలగుర్రము, మన కాలమున పెంగ్విను.

పోయిన మృగములు, పోవుచున్న పేర్లు

తెలుగు బోధించువాడను గనుక ఈ విషయమున భాషను గూర్చి కొంత చెప్పుట నా విధి. మనుచరిత్రములో స్వరోచి వేట చదివినవారికి అడవిమృగముల తెలుగుపేర్లు ఎంత సమృద్ధములో తెలియును. కృష్ణజింకలలో మగదానిని ఇర్రియనియు, ఆడదానిని లేడియనియు అన్నారు. దుప్పి వేరు, కణుజు వేరు, మనుబోతు వేరు. పొలుసుల కవచముగల మృగము అలుగు. పచ్చికబయళ్ల పెద్దపక్షి బట్టమేకపిట్ట. కడప జిల్లా లంకమల ప్రాంతమున 1986లో తిరిగి కానవచ్చి లోకమును విస్మయపరచిన పక్షి కలివికోడి. పెద్దకన్నులు, పొడుగాటి సన్నని కాళ్లుగల చెట్టుమృగము దేవాంగపిల్లి. మన నేతవారిలో ఒక శాఖ పేరు ఈ మృగమునకునుండుట కాకతాళీయమో కాదో భాషాశాస్త్రజ్ఞులు విచారింపవలెను.

నేడు భివండిలో తెలుగు మాధ్యమమున చదువు పిల్లవానికి జిరాఫీ తెలియును, కంగారు తెలియును, పెంగ్విను తెలియును. ఇర్రి తెలియదు. దుప్పి, కణుజు, లేడి, మనుబోతు – అన్నియు వానికి 'హిరణ్' అను ఒక్క మాటలో కలిసిపోయినవి. చిరుతపులికిని చీతాకును భేదము తెలియదు. ఇది పిల్లల దోషము కాదు. వాడుకలో లేని మాట నిలువదు. మగ్గముపై నేయని చీరె పేరును మరువబడును. వారి తాతలు అడవియంచు పల్లెలలో పుట్టినవారు; ఆ పేర్లు వారికి చదువుచే రాలేదు, బ్రదుకుచే వచ్చినవి. వలసవచ్చినవాడు పొలమును తేలేడు, చెరువును తేలేడు; మాటను మాత్రము మూటగట్టి తేగలడు. దానినికూడ జారవిడిచినచో మిగులునదేమి?

మృగము పోయిన తరువాత పేరు పోవుట సహజము. పేరు ముందుగ పోయినచో మృగము పోవుచున్నను ఎవ్వరికిని తెలియదు. కావున పేరును కాపాడుట మృగమును కాపాడుటలో మొదటిమెట్టు.

ఉపసంహారము

పైని పరిశీలనమువలన తేలిన విషయములు మూడు. హైదరాబాదు జంతుశాల బాగే ఆంలోని ప్రదర్శనగా పుట్టి, 1963 తరువాత విశాలస్థలమున శాస్త్రీయసంస్థగా మారి, 2010 తరువాత కురుపందివంటి స్వదేశీయమృగములను అడవికి తిరిగి యప్పగించు నెలవుగా పరిణమించినది. రెండవది, విదేశీయమృగమునకు జంతుశాలలో చోటు లేదనుట నా మతము కాదు; దూరదేశమున పుట్టిన ప్రాణిని ఆదరించుట ధర్మమే, కాని ఇంటిప్రాణిని మరచి చేయు ఆదరము వేడుకయగునే గాని ధర్మము కాజాలదు. మూడవది, ఎంత మంచి జంతుశాలయైనను అడవికి బదులు కాజాలదు. నల్లమల లేనిచో కురుపందిని ఎచ్చట విడుతురు?

ఈ సంఘము పెద్దలకొక మనవి. ఏటేట పిల్లలను రాణీబాగునకు గాని, సెలవులలో హైదరాబాదునకు గాని తీసికొనిపోవునప్పుడు, అచ్చటి స్వదేశీయమృగముల తెలుగుపేర్లను మరాఠీపేర్లతో జతచేసి చిన్న పట్టికగా అచ్చువేయించి ప్రతి బాలునిచేతికి నొసగుదురు గాక. ఖర్చు స్వల్పము, ఫలము అధికము. ఇంటనున్న ముసలివారిని అడిగిన ఆ పేర్లలో సగము వారే చెప్పగలరు. వారుండగనే అడుగుట మంచిది. పరదేశమున అతిథులుగా వచ్చి, కష్టించి, ఈ నేలకే చెందినవారైన మనకు అతిథి యను మాట విలువ ఒకరు చెప్పనక్కరలేదు. విజ్ఞులు పరిశీలింతురు గాక.